ఓడవాళ్ళకు వేసిన విస్తరి

ఈమధ్య మా వీధి చివరింటి కుర్ర దంపతులు ఓడలో విహారయాత్ర చేసి వచ్చారు. వచ్చిన మర్నాడే ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చి ఫోటోలు చూపించారు. పొద్దుటి ఫలహారం, పదకొండు గంటల ఫలహారం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం కేకులు, రాత్రి భోజనం, ఆ తరువాత పడుకునే ముందు ఎవరికైనా ఆకలేస్తుందేమోనని పెట్టిన ఇంకో భోజనం. అన్నీ చూశాక, "సముద్రం ఏదమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి పాపం చాలాసేపు వెతికి, ఒక ఐస్‌క్రీము గిన్నె వెనకాల కొంచెం నీలంగా ఉన్నదాన్ని చూపించింది.

వాళ్ళను ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చి పంపించాను. కానీ ఓడ విహారం అంటే కొత్త ఫ్యాషను అనుకునే మీలాంటి పిల్లలకు ఒక మాట చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఆ ఫ్యాషను నాకు డెబ్భైల చివర్లోనే పరిచయం. ప్రయాణికుడిగా కాదు. వాళ్ళు ఒడ్డుకు దిగినప్పుడు వాళ్ళకు మన ఊరిని వడ్డించే పని నాది.

నేను విశాఖ రేవులో ఒక ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాని. మాకు వచ్చేవి చాలావరకు ఇనుపరాయి, బొగ్గు, ఎరువులు మోసే మోటు ఓడలు. వాటిలో మనుషులు నాకు నచ్చేవారు. పని ఆలస్యమైతే తిట్టేవారు, అయిపోతే టీ ఇచ్చేవారు. శీతాకాలంలో మాత్రం అప్పుడప్పుడు ఒక తెల్ల ఓడ వచ్చేది. దాని నిండా విదేశీ పెద్దమనుషులు, ఎక్కువమంది పింఛను పుచ్చుకుంటున్నవాళ్ళు. పొద్దున్న వచ్చి సాయంత్రం పోయేవారు. అలాంటి ఓడకి రేవులో వేరే చోటు లేదు గనక ఖనిజం గుట్టల పక్కనే కట్టేవారు. మా మేనేజరు ఓడ మెట్ల కింద ఎర్ర తివాచీ పరిపించేవాడు. అక్కడ గాలికి ఎగిరే ధూళి కూడా ఎరుపే. మధ్యాహ్నానికి తివాచీ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. తెల్ల బూట్లతో దిగినవాళ్ళు ఎర్ర బూట్లతో ఎక్కేవారు.

కాగితాల పని మీద నేను ముందుగా ఓడెక్కేవాణ్ణి. అందుచేత వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు. పొద్దున్నే లేచి పైఅంతస్తులో వాలుకుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి, తిండికి వెళ్ళేవారు. తువ్వాలు ఉంటే కుర్చీ తనదని లెక్క. తువ్వాలు ఎవరైనా తీసేస్తే పెద్ద గొడవ. ఒకసారి నేను వెళ్ళేసరికి ఇద్దరు ముసలివాళ్ళు, ఇద్దరూ యుద్ధంలో పనిచేసినవాళ్ళేనట, ఒక కుర్చీ కోసం కెప్టెను దాకా వెళ్ళారు. భోజనాల గదిలో మంచుగడ్డతో హంసను చెక్కడానికి ఒక మనిషికి జీతం ఇచ్చేవారు. హంస కరిగేలోపు జనం చుట్టూ ఉన్న రొయ్యలు తినేసేవారు. మర్నాడు ఇంకో హంస. ఆ మనిషి బతుకంతా హంసలు చెక్కడం, వాటిని కరగనివ్వడం. నేను చూసినవాళ్ళలో కష్టపడి పనిచేసేవాడు అతనొక్కడే అనిపించేది.

ఒడ్డు మీద మా పని వేరు. మద్దిలపాలెం డిపో నుంచి బస్సులు తెప్పించి, సీట్లు కడిగించి, కిటికీలకు తెరలు కట్టించి, వాళ్ళను సింహాచలం తీసుకెళ్ళి, తిరుగు దారిలో బీచి చూపించి ఓడెక్కించాలి. కొండ మీద గుడి బయటి నుంచి చూసేవారు, కోతులను ఫోటో తీసేవారు, అనాసపళ్ళు కొంటామని బేరం చేసి కొనకుండా వచ్చేసేవారు. ఓడ డాక్టరు ఒడ్డు మీద ఏదీ నోట పెట్టకూడదని ఆజ్ఞ వేశాడు. మధ్యాహ్నం భోజనానికి అట్టపెట్టెలు ఓడ నుంచే వచ్చేవి. పెట్టె విప్పితే చల్లారిపోయిన కోడికాలు, ఉడికించిన గుడ్డు, ఒక ఆపిల్. సింహాచలం కొండ చుట్టూ అంత పచ్చదనం పెట్టుకుని, బస్సులో తెరలు వేసుకుని ఆ చల్లటి కోడికాళ్ళు తినేవారు.

ఓడలో ఈ ఒడ్డు ప్రయాణాలు చూసుకునే ఒక ఆడమనిషి ఉండేది. మేమంతా టూర్ మేడమ్ అనేవాళ్ళం. ఆమెకు మన ఊరు ఆనలేదు. "ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఈసారి మావాళ్ళకు పెళ్ళి చూపించాలి, పల్లెటూరి పెళ్ళి, భోజనాలతో సహా" అని మా మేనేజరుకు కబురు పెట్టింది. మేనేజరు మద్రాసు ఆఫీసు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కాదు అనే మాట అతని నోట కిందివాళ్ళ దగ్గరే వచ్చేది. వెంటనే ఒప్పేసుకున్నాడు. నన్ను పిలిచి, ఏర్పాటు చెయ్యి అన్నాడు.

"సార్, ఓడ వచ్చేది పుష్యమాసంలో" అన్నాను.

"అయితే?"

"శూన్యమాసం సార్. ఆ నెలలో మనవాళ్ళు ఎవరూ పెళ్ళి చేయరు. ఎక్కడ వెతికినా దొరకదు."

అతను కాసేపు నావైపు చూశాడు, పుష్యమాసాన్ని నేనే పెట్టినట్టు. "నిజమైన పెళ్ళి అని వాళ్ళు అచ్చువేయించేశారయ్యా. దొరక్కపోతే చేయించు" అన్నాడు.

అలా మేమే పెళ్ళి చేయవలసి వచ్చింది. పెళ్ళికొడుకుగా మా ఆఫీసులో కస్టమ్స్ పని చూసే ఒక గుమాస్తాను ఎంచుకున్నాం. పొడుగ్గా, మీసాలతో బాగుంటాడు. అప్పటికే పెళ్ళయినవాడు, ఒక పిల్ల కూడా. అతని పెళ్ళామే నవ్వుకుంటూ వచ్చి బాసికం కట్టింది. పెళ్ళికూతురు మాత్రం తనంతట తానే ముందుకొచ్చింది. మా ఆఫీసులో టెలిఫోను ఆపరేటరు. తండ్రి పోర్టులో ఖలాసీ, నాకు చాలాకాలంగా తెలిసినవాడు. నన్ను బావ అంటాడు గనక ఆ పిల్ల నన్ను మావయ్య అనేది.

"నాను కూకుంటాను మావయ్యా. పొద్దస్తమానం ఆ వైర్లు పీకడం, పెట్టడం. ఒక్క రోజు పట్టుచీర కట్టుకుని కూకుంటే ఏటి పోద్ది?" అంది.

తండ్రిని అడిగితే, "బొమ్మల పెళ్ళి లాటిదే గదా బావా" అని నవ్వేశాడు.

ఇక పంతులుగారు. సింహాచలం కొండ కింద ఉండే పెద్దమనిషి. విషయం చెబితే మొదట చెవులు మూసుకున్నారు. తరువాత ఆలోచించి, "ఒక రకంగా ఈ నెలే మంచిది. ఈ నెలలో ఏం చేసినా అది పెళ్ళి కాదు. అయినా నా జాగ్రత్తలో నేనుంటాను. పెళ్ళి మంత్రం ఒక్కటి కూడా నా నోట రాదు. సత్యనారాయణ వ్రతం కథ చదువుతాను. చూసేవాళ్ళు ఓడవాళ్ళే కదా, కథలోనూ ఓడ ఉంది" అన్నారు. నాకు ఆ ఏర్పాటు ఎంతో బాగుందనిపించింది.

కొండ కింద ఒక సత్రంలో పందిరి వేశాం. సన్నాయి మేళం పెట్టించాం. పంతులుగారు గంభీరంగా షావుకారు ఓడ కథ చదువుతుంటే, మేళం మోతలో పక్కనున్న నాకే వినబడలేదు. గుమాస్తా ఒక పసుపు తాడుకు ఇత్తడి బిళ్ళ కట్టి ఆ పిల్ల మెడలో వేశాడు. కెమెరాలు అటూ ఇటూ పరుగెత్తాయి. ఒకావిడ అక్షింతలు చెయ్యి చాచి పుచ్చుకుని చేతిసంచిలో దాచుకుంది. మళ్ళీ కెమెరాలోకి సరిగా పడలేదని తాళి ఇంకోసారి కట్టించమంది టూర్ మేడమ్. పంతులుగారు వినబడనట్టు ఊరుకున్నారు.

ఆ తరువాత భోజనాలు. ఆ ఏర్పాట్లకు మేనేజరు వెనకాడలేదు, అది ఒప్పుకోవాలి. బూరెలు, పులిహోర, ముద్దపప్పు, కంద బచ్చలి, దప్పళం, గడ్డపెరుగు. అరిటాకులు వేసి అన్నీ వడ్డించాం. ఓడవాళ్ళు ఆకుల ముందు వరసగా కూర్చున్నారు. మోకాళ్ళు మడవలేనివాళ్ళకు ఎత్తు పీటలు వేశాం. అందరూ ఆకును ఫోటో తీశారు. ఆకుతో తమ ఫోటో తీయించుకున్నారు. ఒకతను బూరెను వేలితో పొడిచి చూశాడు. తరువాత లేచి, బస్సుల్లోకి వెళ్ళి, అట్టపెట్టెలు విప్పుకుని కోడికాళ్ళు తిన్నారు.

వంట చేసిన పెద్దాయన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఆ నిండు ఆకుల వరసను చూస్తూ నిలబడ్డాడు. "పిండం ఎడితే కాకైనా ఒచ్చి ముట్టుకుంటాది బాబూ. ఈళ్ళేటి?" అన్నాడు. మన ఇళ్ళల్లో వడ్డించిన ఆకు ముందు నుంచి ముట్టకుండా లేచిపోవడమంటే ఇక ఆ ఇంటి గడప తొక్కనని చెప్పడం. ఆ రోజు ఒక ఓడెడు జనం మా గడప ఇక తొక్కబోమని చెప్పి, మళ్ళీ చేతులు ఊపుకుంటూ వెళ్ళారు.

అంతటితో పోయేదే. కానీ మేనేజరు ఒక పత్రిక విలేకరిని పిలిచాడు. ఇది నిజం పెళ్ళేనా అని అతను అడిగితే, పక్కనే టూర్ మేడమ్ ఉంది గనక, నిజమే అని చెప్పాడు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. విదేశీ అతిథుల సమక్షంలో విశాఖ జంట వివాహం అని పెద్ద అక్షరాలు. బాసికం కట్టుకుని తల వంచుకున్న మా ఆపరేటరు. పక్కన మీసాలతో గుమాస్తా.

సాయంత్రం తండ్రి మా ఇంటికి వచ్చాడు. పేపరు చంకలో ఉంది. "కొంప మునిగిపోనాది బావా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ పిల్లకు సబ్బవరం వైపు ఒక పల్లెలో సంబంధం కుదురుతోంది. రైతు కుటుంబం. కుర్రవాడు చూపులకు వచ్చినప్పుడు అందరిలా వంట వచ్చా, పాట వచ్చా అని అడగలేదట. ఆ బోర్డులో ఏ తీగ ఎక్కడ పెట్టాలో నీకెలా తెలుస్తుంది అని అడిగాడట. ఆ ఒక్క మాటకి ఆమెకు అతను నచ్చాడు. వాళ్ళు వెళ్ళాక తల్లితో ఈ సంబంధం అయితే చేసుకుంటాను అని తానే చెప్పిందట. ఆ ఇంటికి పెద్ద కుర్రవాడి మేనమామ. ఆయన పేపరు చూసి కబురంపాడు, పెళ్ళయిన పిల్లను మాకెలా అంటగడతారు అని. అందులోనూ, ఫోటోలో గుమాస్తాను ఎవరో గుర్తుపట్టారట, రెండో పెళ్ళివాడికిచ్చి చేశారని.

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గరకు వెళ్ళి, పేపరువాళ్ళకు ఒక్క ముక్క చెప్పండి సార్, అది నాటకమని, అన్నాను.

"చెబితే ఓడవాళ్ళకి తెలిసిపోదూ? ఇంకో ఓడ రాదు" అన్నాడు.

"ఆ పిల్ల సంబంధం పోతుంది సార్."

"ఇంకో సంబంధం వస్తుంది. ఓడలు అలా రావు" అని ఫైలు తెరిచాడు. ఎన్నో ఏళ్ళు అతని కింద పనిచేశాను. ఆ మాట ఒక్కటే ఇప్పటికీ చెవిలో ఉంది. కోపం కూడా అలాగే ఉంది.

నేనూ పంతులుగారూ ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాం. మేనమామ కళ్ళం పక్కన మంచం వేయించి కూర్చోబెట్టాడు. మర్యాదస్థుడే. కుర్రవాడు కొంచెం దూరంలో గట్టు మీద కూర్చుని నేల గీకుతున్నాడు. జరిగింది చెప్పాను. శూన్యమాసం సంగతి, వ్రతం కథ సంగతి పంతులుగారు చెప్పారు.

"మీరు సదివింది వ్రతమో, పెళ్ళో, ఆ సన్నాయి మోతలో ఎవులిన్నారు పంతులుగారూ?" అన్నాడు మేనమామ. "మెళ్ళో తాడైతే పడ్డాది. పేపర్లో ఒచ్చీసినాది. ఊళ్ళో అడుగుతన్నారు. నానేటి సెప్పను? నాటకమని కళ్ళతో సూత్తే ఒప్పుకుంటాను. మాటలకి కాదు."

కుర్రవాడు ఏమైనా అంటాడేమోనని చూశాను. తల ఎత్తలేదు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆ పిల్ల బోర్డు దగ్గర చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ఉంది. జరిగింది చెప్పాను.

"ఆయనేటన్నాడు మావయ్యా?" అంది.

"మేనమామా? కళ్ళతో చూస్తే…"

"కాదు. ఆయన."

"ఏమీ అనలేదమ్మా" అన్నాను.

ఒక కాల్ వచ్చింది. తీగ పెట్టింది. అవతల వాళ్ళు మాట్లాడుకుంటుంటే, "మళ్ళీ ఓడెప్పుడొస్తాది?" అని అడిగింది.

"వచ్చే నెల."

"ఆళ్ళని రమ్మనండి. ఒకే పిల్లకి అదే పెళ్ళికొడుకుతో రెండోపాలి పెళ్ళి సేత్తన్నారంటే అది నాటకం కాదేటి? కళ్ళతోటే సూసుకుంటారు" అంది.

ఆఫీసులో పెద్ద పెద్ద జీతాలవాళ్ళం ఇన్నిరోజులు తల పట్టుకుంటే మాకు తోచని ఉపాయం. అసలు మేనేజరు కూడా అదే అడగబోతున్నాడు, వేరే కారణానికి. మొదటి పెళ్ళి టూర్ మేడమ్‌కి బాగా నచ్చి, వచ్చే ఓడకి కూడా అదే కావాలంది.

ఈసారి తిరకాసు పంతులుగారి దగ్గర వచ్చింది. వచ్చేది మాఘమాసం. నిండా ముహూర్తాలు. "ఇప్పుడు తాడు కడితే నిజంగానే ముడి పడిపోతుందేమోనయ్యా" అని భయపడ్డారు. పంచాంగం తిరగేసి, ఓడ వచ్చే రోజున సరిగ్గా దుర్ముహూర్తం వెతికి పెట్టారు. ఊరంతా మంచి ఘడియ కోసం ఆయన చుట్టూ తిరుగుతుంటే, మేం చెడ్డ ఘడియ కోసం తిరిగాం. మీకు అనుమానం రావచ్చు, మాఘంలో నిజం పెళ్ళిళ్ళే ఉంటాయి కదా, అవే చూపించవచ్చు కదా అని. నేనూ అదే అన్నాను. నిజం పెళ్ళి ముహూర్తాలు తెల్లవారుజామున ఉన్నాయి, ఓడ పొద్దెక్కాక గానీ రాదు, మన పెళ్ళి అయితే బస్సుల టైముకి అవుతుంది అన్నాడు మేనేజరు.

ఆ రోజు వచ్చింది. అదే సత్రం, అదే పందిరి, ఆ కంపెనీదే కొత్త ఓడ, అదే టూర్ మేడమ్, అదే రకం జనం. మేనమామ, కుర్రవాడు, వాళ్ళింటి ముసలమ్మ, ఇంకో నలుగురైదుగురు బస్సు దిగి వచ్చారు. మేనేజరు వాళ్ళను చూసి, "వీళ్ళెవరు?" అన్నాడు.

"పెళ్ళికొడుకు తాలూకు సార్" అన్నాను. అబద్ధం కాదు.

అతనికి ఎంతో ఆనందమైంది. అచ్చమైన పల్లెటూరివాళ్ళు ఫోటోల్లో పడతారని తనే ముందు వరసలో కూర్చోబెట్టాడు. మా ఆపరేటరు పీటల మీద కూర్చుని, తల కొంచెం ఎత్తి, కుర్రవాడు ఎక్కడున్నాడో ఒకసారి చూసుకుంది.

పంతులుగారు కథ మొదలుపెట్టగానే నేను సైగ చేశాను. ముందే చెప్పి ఉంచాను గనక మేళంవాళ్ళు సన్నాయిలు ఒళ్ళో పెట్టుకున్నారు. పందిరంతా నిశ్శబ్దం. షావుకారు, అతని కూతురు, అల్లుడు, ఓడ నిండా సరుకు, సన్యాసితో ఆడిన అబద్ధం, సరుకంతా ఆకులూ అలములూ అయిపోవడం. ఓడవాళ్ళు మంత్రాలనుకుని భక్తిగా వింటున్నారు. ముందు వరసలో ముసలమ్మ మొదట కళ్ళు చిట్లించింది. తరువాత చేతులు జోడించింది. ఆ తరువాత మేనమామను మోచేత్తో పొడిచి, "ఇది పెళ్ళేటిరా, మనింట్లో సేయించిన వ్రతం కథ గదా" అంది. మేనమామ మీసం కింద నవ్వు నాకు కనిపించింది. ఇంకేముంది, ఊరివాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

"మేళం ఎందుకు ఆగింది?" అని మేనేజరు నా చెవిలో అన్నాడు.

"కథ వినబడాలి కదా సార్."

"ఎవరికి అర్థమవుతుందయ్యా?"

"అర్థమయ్యేవాళ్ళకి అర్థమైంది సార్" అన్నాను.

కథ అయ్యాక పంతులుగారు అలవాటు కొద్దీ ప్రసాదం పంచారు. ఓడవాళ్ళు అరచేతిలో పెట్టుకుని, వెంట వచ్చిన ఓడ డాక్టరు వైపు చూసి, ఎవరూ చూడకుండా పందిరి రాట పక్కన రాల్చేశారు. అందరూ చూశారు. ఆ కథలో ప్రసాదం తినకుండా పరుగెత్తిన కూతురి వల్లే ఓడ మునుగుతుంది. ముసలమ్మకు నిజంగా బెంగ పట్టుకుంది. "పెసాదం పారేసి ఓడెక్కుతారేటి బాబూ? ఆళ్ళకి ఎవులైనా సెప్పండి" అని నా చెయ్యి పట్టుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. మునిగితే మునగనీ అనిపించింది ఆ నిమిషంలో, ఉన్నమాట చెబుతున్నాను.

భోజనాలకు ఆకులు వేశారు. మేనమామ ఆ పిల్ల తండ్రి దగ్గరకు వచ్చి, "అనుమానం తీరిపోనాది. బోయినానికి కూకుంటాం" అన్నాడు. ఆ మాటకి అర్థం మీకు తెలియకపోవచ్చు. సంబంధం ఖాయమయ్యేదాకా ఆడపిల్లవాళ్ళ తరఫున భోజనం చేయకూడదని వాళ్ళ పట్టింపు. చూపులకు వచ్చిన రోజున మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఇప్పుడు ఆకు ముందు కూర్చుంటున్నారంటే ఖాయమైనట్టే. తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. తనే చెంబుతో నీళ్ళిచ్చి, ఓడవాళ్ళ వరస చివర్లో వాళ్ళను కూర్చోబెట్టాడు. ఆ పిల్ల బాసికంతోనే వచ్చి గుంజ పక్కన నిలబడింది.

మేనమామ అన్నం కలుపుతూ నింపాదిగా చెప్పాడు. "ఒక్కటే మాట. ఉత్తుత్తిదే అనుకో, అయినా మెళ్ళో రెండుపాలిలు తాడు పడ్డాది. ముందు ఓ అరిటిసెట్టుకిచ్చి పెళ్ళి సేసి ఆ దోసం దింపేద్దాం. అప్పుడు మావోడికి సేసుకుంటాం. ఆ టెలిఫోను పని కూడా మానిపించీ. అక్కడికెళ్ళబట్టే గదా ఇదంతా."

తండ్రి అన్నిటికీ తల ఊపుతున్నాడు. ఊపడా మరి. కూతురు బతుకు ఆ ఆకులో ఉంది.

ఆ పిల్ల మేనమామను చూడలేదు. పక్క ఆకు ముందున్న కుర్రవాణ్ణి చూసింది.

"నువ్వేటంటావు?" అని అడిగింది.

కుర్రవాడు పప్పులోకి చూస్తూ, "మావ ఎలగంటే అలగే" అన్నాడు.

ఆమె కాసేపు ఆగింది. ఇంకేమైనా అంటాడేమోనని ఆగిందని నేననుకుంటున్నాను. అతను అనలేదు. అప్పుడు వంగి, మేనమామ నోటిదాకా ముద్ద పోకముందే, ఆయన ముందున్న ఆకును రెండు చివరలా పట్టుకుని లాగేసింది.

"లెగండి బాబూ" అంది. గొంతు పెంచలేదు. "ఈ ఇస్తర్లు ఓడోళ్ళకి ఏసినియ్యి. తిండానికి కాదు, సూడ్డానికి. మీరూ సూడ్డానికే ఒచ్చేరు. సూసేసేరు. ఇంక లెగండి."

ఆకును మధ్యకు మడిచి, తీసుకెళ్ళి బయట పారేసి వచ్చింది. తిరిగి వచ్చి కుర్రవాడి ఆకు కూడా తీసింది. ముసలమ్మ ఆకు మాత్రం ముట్టుకోలేదు. "నువ్వు తినమ్మా" అంది. ముసలమ్మ తిన్నది కూడా.

మేనమామ చేతిలో ముద్దతో అలాగే ఉండిపోయాడు. తండ్రి గోడకు చేరగిలబడ్డాడు. పందిట్లో చప్పుడల్లా కెమెరాలదే. ఓడవాళ్ళు పీటల మీద నుంచి లేచి మరీ తీశారు. టూర్ మేడమ్ మేనేజరు దగ్గరకు పరుగెత్తుకొచ్చి, ఇది ఏమిటి, దీని అర్థం ఏమిటి అని అడిగింది. అతను క్షణం కూడా తడుముకోలేదు. "ఇది మా ప్రాచీన ఆచారం. వధువు పెద్దల ఆకు ఎత్తితే ఇంటికి శుభం" అన్నాడు. ఆమె రాసుకుంది.

సబ్బవరంవాళ్ళు వెళ్ళిపోయారు. తండ్రి చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు, నాతో కూడా. ఆ పిల్లకు మూడేళ్ళ తరువాత పెళ్ళయింది. ఎవరితో అన్నది మీకు అనవసరం. ముహూర్తం తెల్లవారుజామున, కస్టమ్స్ గుమాస్తా పెళ్ళామే మళ్ళీ బాసికం కట్టింది, పంతులుగారు ఈసారి పెళ్ళి మంత్రాలే చదివారు. నేను రెండోసారి అడిగి మరీ బూరెలు వేయించుకున్నాను. ఫోటోలు తీసేవాడు ఆలస్యంగా వచ్చాడు గనక భోజనాల ఫోటో ఒక్కటి కూడా లేదు.

మా ఓడవాళ్ళకు మాత్రం ఆ తరువాత పెళ్ళి చూపించలేదు. మరుసటి శీతాకాలం నుంచి జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాం. ఎందుకు మారిందని అందరూ అడిగేవారు. కారణం మేనేజరుకు, ఆ పిల్లకు, పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ నాకు తెలుసు. ఆకు ఎత్తేసిన వారానికే మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు, ఎప్పుడూ అననివాడు.

"మేడమ్ ఉత్తరం రాసిందమ్మా. ఆ ఆకు ఎత్తే ఘట్టం అందరికీ తెగ నచ్చిందట. వచ్చే ఓడకి తప్పకుండా ఉండాలంది. ఏమంటావు, చేద్దామా?"

"సేద్దాం సార్" అంది ఆ పిల్ల. "ఈపాలి ఆకు ముందర మీరు కూకోండి."